వ్రాతలు – వానిని చదువు సాధనములు



నేటి నా ప్రసంగ విషయము మీకు కొంత వింతగ తోచవచ్చును. కంప్యూటరునకు ఫ్లాపీ డ్రైవును, మెమరీ కార్డు రీడరును ఎట్లు ఎన్నుకొనవలెనను ప్రశ్న పట్టణములలోని పడుచువారిది గాని, పొలము గట్టున తిరుగు మనబోటి వారికి దానితో నేమి పని యని మీరనుకొనవచ్చును. నేనును చాలకాల మట్లే యనుకొంటిని. మా యింటి భోషాణములోని యొక రేకుపెట్టె నా యభిప్రాయమును మార్చినది.

వంశధార రెండవ దశలో హిరమండలముకడ కట్టిన జలాశయమునకై కొన్ని యూళ్లు ఖాళీ చేయబడిన సంగతి మీకు విదితమే. అట్టి యూళ్లలో ఒకదానియందు నేను పెక్కేండ్లు ఉపాధ్యాయుడనుగ నుంటిని. చరిత్రయం దభిలాష గలవాడను గనుక, సాయంకాలములందు అరుగులమీద గూర్చుండి ఆ యూరి పెద్దలు చెప్పిన సంగతులు వ్రాసికొనుచుండెడివాడను. ఏ పొలమున కే పేరు, ఏ బందను ఎవరు త్రవ్వించిరి, ఏ గెడ్డ ఏ యేట పొంగెను, ఏ వంశము ఎక్కడినుండి వచ్చి స్థిరపడెను – ఇట్టివి. 1993లో కొంత, 1999లో కొంత, శ్రీకాకుళములోని యొక దుకాణమున టైపు చేయించి, తొమ్మిది ఫ్లాపీలలో దాచితిని. చేతివ్రాత పుస్తకములు చెదలపాలైనవి. అయిన నేమి, ఫ్లాపీలున్నవి గదా యని నిశ్చింతగ నుంటిని. ఊరు కదలిపోయిన కొన్నాళ్లకు పెట్టె తెరచి, మా మనుమని పిలిచి, వీనిని చదివి పెట్టుమంటిని. వాడు తన కంప్యూటరును అటుదిప్పి యిటుదిప్పి చూచి, "తాతా, ఇవి పెట్టడానికి దీన్లో చోటే లేదు" అనెను.

పెట్టెలో వ్రాత యున్నది. చదువు సాధనము లేదు. ఈ యవస్థ మనకు క్రొత్తది కాదని చెప్పుటకే యీ ప్రసంగము.

మన సీమలో వ్రాతకు కొదువ లేదు. శ్రీముఖలింగమున మధుకేశ్వరుని యాలయమున గాంగరాజుల నాటి శాసనము లెన్నియో చెక్కబడియున్నవి. శ్రీకాకుళమునందును, ముఖలింగమున కనతిదూరమున నున్న అచ్యుతాపురమునందును గాంగుల తామ్రశాసనములు దొరకినవి. వానిలో వేయియేండ్లకు పూర్వపువి కలవు. రాగిరేకులకు కన్నము తొలిచి, కడియము దూర్చి, దానికి రాజముద్ర వేసి యిచ్చెడివారు. రాయి చెడలేదు. రాగి చెడలేదు. అయినను చాలకాలము ఆ వ్రాతలు మన యెదుట మూగవై నిలిచినవి. లిపి మారినది, పాత లిపి నెరిగినవారు పోయిరి.

1863లో ముఖలింగమునకు సమీపమున పర్వతాలపేటలో జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగ నుండిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు ఆ శాసనములను చదువ బూనుకొనిరి. శాసనలిపులను గూర్చిన గ్రంథములను తెప్పించుకొని, గురువు లేకయే ఆ లిపి నేర్చి, రాళ్లచేత మాటాడించిరి. వ్యావహారిక భాషకై జీవితమంతయు పోరాడిన ఆ మహనీయుడు నా యీ గ్రాంథికము విన్నచో నవ్వకుండునా? నన్ను క్షమించుగాక. ఇక్కడ మనము గమనింపవలసినది యొకటి కలదు. రాతిని చదువుటకు ఆయనకు కావలసినవి కన్నులు, శ్రద్ధ, విద్య. వేరొక యంత్రము పని పడలేదు.

రాయి తరువాత తాటాకు. గంటముతో గీసిన యక్షరము తొలుత కంటి కానదు. మసియో ఆకుపసరో పూసి తుడిచినయెడల గీతలలో నలుపు నిలిచి అక్షరము తేలును. అనగా తాటాకునకు చదువుటకు ముందు చేయవలసిన చిన్న సంస్కార మొకటి యుండెను. అది ప్రతి యింట నెరిగినదే. తాటాకు శాశ్వతము కాదనియు మన పెద్ద లెరుగుదురు. పురుగు తినును, అంచులు విరుగును. అందుచేత తరమునకో రెండు తరములకో క్రొత్త ఆకులపై నకలు వ్రాసికొనెడివారు. నేడు మనకు మిగిలిన ప్రాచీన గ్రంథము లనేకము కవి స్వహస్తముతో వ్రాసినవి కావు, నకళ్లకు నకళ్లు. 1821లో మరణించిన కర్నలు కాలిన్ మెకంజీ దొర గ్రామగ్రామముల కైఫీయతులను సేకరింపజేసెను. అవి శిథిలమగుచుండగ సి. పి. బ్రౌను దొర లేఖకులను పెట్టి వానికి నకళ్లు వ్రాయించెను. ఆ నకళ్లే లేకున్న ఎన్ని గ్రామముల కథలు మట్టిలో కలసిపోయెడివో యోచింపుడు.

పిమ్మట కాగితము వచ్చినది. మన కరణములు గొలుసుకట్టు వ్రాతలో లెక్కలు వ్రాసెడివారు. కలమెత్తకుండ అక్షరమున కక్షరము తగిలించి వ్రాసిన ఆ వ్రాత, అలవాటు లేనివానికి తెలుగే కాదని తోచును. 1984లో కరణముల పద్ధతి రద్దయినది. దస్త్రములు కొన్ని నిలిచినవి గాని వానిని గడగడ చదువువారు ఏటేట తగ్గిపోవుచున్నారు. మీలో నెవరైన ఆ వ్రాతను చదువగలిగినయెడల, దయచేసి ఒక పడుచువానికి నేర్పుడు. నా ప్రసంగము విన్న ఫలము ఆ యొక్కటియైనను చాలును.

ఇక ఫ్లాపీ మాటకు వత్తము. ఫ్లాపీ యనునది పలుచని ప్లాస్టిక్కు బిళ్ల. దానిపై ఇనుప సంబంధమైన పూత యుండును. బిళ్ల నిమిషమునకు సాధారణముగ 300 మారులు తిరుగుచుండగ, చిన్న ముల్లువంటి తల దానిపై నానుకొని, అయస్కాంత శక్తితో గురుతులు పెట్టును. మరల ఆ గురుతులనే చదువును. 1971లో ఐ.బి.ఎం. సంస్థ 8 అంగుళముల ఫ్లాపీని విడుదల చేసినది. 1976లో 5¼ అంగుళములది, 1980 దాటిన తొలియేండ్లలో సోనీ సంస్థ రూపొందించిన 3½ అంగుళములది వచ్చినవి. ఈ చివరిదానిలో ఎక్కువగ వాడబడినది 1.44 మెగాబైట్ల రకము. 1987నుండి ప్రచారమునకు వచ్చినది. 1990 ప్రాంతములలో మన పట్టణములలో పెండ్లి శుభలేఖలు, ప్రశ్నపత్రములు, కవుల పుస్తకములు టైపు చేయు దుకాణములలో ఈ బిళ్లలే మూటలుగ నుండెడివి. 1998లో ఆపిల్ సంస్థ ఫ్లాపీ చోటు లేని కంప్యూటరును అమ్మకమునకు పెట్టగ జనులు ఆశ్చర్యపడిరి. 2011లో సోనీ సంస్థ ఫ్లాపీల అమ్మకమునే ఆపివైచినది. నలువదియేండ్లలో పుట్టి, పెరిగి, పోయినది. మన తాటాకు ఆయుర్దాయములో అది యెన్నవ వంతు?

ఈ చిక్కు మన దేశమునకే పరిమితము కాదు. ఇంగ్లండున 1086లో విలియము రాజు తన రాజ్యములోని భూములకు, పశువులకు లెక్క వ్రాయించెను. దానిని డూమ్స్‌డే గ్రంథమందురు. 900 ఏండ్లు నిండిన సందర్భమున 1986లో బి.బి.సి. వారు బడిపిల్లల సాయముతో దేశమునకు క్రొత్త లెక్క కూర్చి, లేసరు పళ్లెములపై నిలిపిరి. 2002 నాటికే ఆ పళ్లెములను చదువు యంత్రములు కరవైనవి. పండితులు పాత యంత్రపు నడకను క్రొత్త కంప్యూటరులో అనుకరింపజేసి వానిని బ్రతికించుకొనవలసి వచ్చినది. 900 ఏండ్ల క్రిందటి తోలుపుటలు మాత్రము నేటికిని చదువ శక్యముగ నున్నవి.

ఇప్పుడు డ్రైవు నెన్నుకొను మాట. నేను పడిన పాట్లు మీరు పడకుండుటకై కొంత వివరముగ చెప్పుదును.

మొదట బిళ్ల నెరుగవలెను. నా తొమ్మిదింటిలో 1999 నాటివి ఏడు. అవి గట్టి పెంకు గల 3½ అంగుళములవి. 1993 నాటివి రెండు. అవి వంగునట్టి 5¼ అంగుళములవి. ఒకదానికి తగిన డ్రైవు రెండవదానికి పనికిరాదు. పూర్వము డ్రైవును కంప్యూటరు లోపలనే బిగించి, 34 మొనల వెడల్పాటి పట్టీతో కలిపెడివారు. నేటి కంప్యూటరులలో ఆ పట్టీ తగిలించు చోటే యుండదు. కావున పాత యంత్రమునుండి ఊడదీసిన డ్రైవు చౌకగ దొరకినదని కొనినచో క్రొత్త కంప్యూటరునకు నేరుగ అతుకదు. 3½ అంగుళముల ఫ్లాపీలకు సులభమార్గము యు.ఎస్.బి. డ్రైవు. బయటనుండి తీగతో తగిలించిన చాలును. అయితే అది ముఖ్యముగ 1.44 మెగాబైట్ల ఫ్లాపీలకై చేయబడినది. అంతకు పూర్వపు 720 కిలోబైట్లవానిని కొన్ని డ్రైవులు చదువును, కొన్ని చదువవు; కొనుటకు ముందే అడుగవలెను. ఆపిల్ వారి పాత 400, 800 కిలోబైట్ల ఫ్లాపీలను ఇవి యసలే చదువవు.

5¼ అంగుళములవానికి కష్టమెక్కువ. పని చేయు పాత డ్రైవు నొకదానిని సంపాదించి, గ్రీజ్‌వీజిల్, క్రయోఫ్లక్స్ వంటి చిన్న పలక ద్వారమున క్రొత్త కంప్యూటరునకు కలుపవలెను. ఈ పలకలు బిళ్లపైని అయస్కాంత గురుతులను ఉన్నవి ఉన్నట్లు నకలు తీయును. 1.2 మెగాబైట్ల డ్రైవు 360 కిలోబైట్ల ఫ్లాపీని చదువగలదు. కాని దానితో ఆ ఫ్లాపీపై వ్రాయరాదు. దాని గీత సన్ననిది. పాత డ్రైవు గీత వెడల్పైనది. వెడల్పాటి గీతపై సన్నగీత పడినప్పుడు రెండును కలసి పాత డ్రైవునకు అర్థము కాకపోవచ్చును.

ఏ డ్రైవైనను చదువుటకు ముందు ఫ్లాపీకి వ్రాత పడకుండ తాళము వేయవలెను. 3½ అంగుళములదానిలో మూలనున్న చిన్న తలుపును కన్నము తెరచుకొనునట్లు జరుపవలెను. 5¼ అంగుళములదానిలో ప్రక్కనున్న గాటును అంటుకాగితముతో మూయవలెను. ఒకదానికి తెరచుట, ఒకదానికి మూయుట; తారుమారు చేయకుడు.

ఇంతకన్న ముఖ్యమైనది బూజు. మనది సముద్రపు గాలి తగులు సీమ. వర్షాకాలమున భోషాణములోని పట్టుబట్టలకే బూజు పట్టును, ఫ్లాపీ యెంత? తలుపు జరిపి బిళ్లను వెలుతురున చూచి, తెల్లని మచ్చలున్నచో దానిని డ్రైవులో పెట్టరాదు. నే నీ మాట నెరుగక తొందరపడితిని. మూడవ ఫ్లాపీకి బూజు పట్టియుండుట చూడక డ్రైవులో నుంచితిని. గరగరమని చప్పుడైనది. ఆ బూజు తలకు అంటుకొనినది. తల తుడువక నాల్గవ ఫ్లాపీని కూడ పెట్టితిని. ఆ బిళ్లపై పూత వలయాకారముగ గీరుకొనిపోయినది. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తల తుడిచి పిమ్మట చదివినయెడల ఆ నాల్గవది దక్కియుండెడిది. ఊరి తూర్పు పొలముల పేర్లన్నియు దానిలోనే యుండెను. నా తొందర వానిని మింగినది. ఎవరిని నిందింతును?

తక్కిన వానిలో ఐదు చిన్నవి, ఒక పెద్దది చదువబడినవి. అప్పుడు రెండవ తాళ మెదురైనది. తెరపై తెలుగు లేదు; ఆంగ్లాక్షరములు, గుర్తులు, చుక్కలు కలగలుపుగ కనబడినవి. ఆ కాలమున తెలుగక్షరములకు దుకాణమున కొక పద్ధతి, ఫాంటున కొక లెక్క యుండెడిది. లోకమునకంతకును ఒకే లెక్క కావలెనని యేర్పడిన యూనికోడులో 1991 నాటి మొదటి కూర్పునందే తెలుగు చేరినది గాని, సామాన్యుల కంప్యూటరులలో అది వాడుకకు వచ్చుటకు పిమ్మట పదేండ్లకు పైగ పట్టినది. నా వ్రాత ఆ నడిమి కాలపుది. మా మనుమడు ఆ ఫాంటు పేరు కనుగొని, దానిని యూనికోడునకు మార్చు సాధనముతో అక్షరములను తేల్చినాడు. తాటాకునకు మసి పూసినప్పుడు అక్షరము తేలినట్లే యుండెను. తాటిగరువు, చింతబంద, గెడ్డమీదిమడి, దొంగలమెట్ట – ఒక్కొక్క పేరు తెరపైకి వచ్చుచుండగ, నేడు కాపురము లేని ఆ యూరిలో నేను మరల నడచినట్లయినది. వానిలో నొక ముసలమ్మ మాట గూడ నుండెను. "నాను పోతే ఈ పేర్లు ఎవులు సెప్తారు బాబూ, రాసుకో" అని యామె యన్నది. వ్రాసికొంటిని. అంతటితో నా పని తీరినదనుకొంటిని. అదియే నా పొరపాటు.

ఇక తేలిన వ్రాతను ఎక్కడ దాచవలెను? నేడు జనులు ఎక్కువగ నమ్ముకొనునది మెమరీ కార్డు. 1994లో కాంపాక్ట్‌ఫ్లాష్, 1995లో స్మార్ట్‌మీడియా, 1998లో సోనీ వారి మెమరీ స్టిక్కు, 1999లో ప్రకటింపబడిన ఎస్.డి. కార్డు, 2002లో ఎక్స్.డి. కార్డు – ఇట్లు ఎన్నియో రకములు వచ్చినవి. ఇప్పుడు వాడుకలో ఎస్.డి.యు, 2005లో వచ్చిన దాని బుల్లి తమ్ముడు మైక్రో ఎస్.డి.యు మిక్కిలి ప్రబలియున్నవి. 32 గిగాబైట్ల కార్డు వ్రేలిగోటియంత యుండి, 1.44 మెగాబైట్ల ఫ్లాపీలు 21,000కు మించినవానిలోని వ్రాతను ఇముడ్చుకొనును.

దీనికి రీడరు కొనునప్పుడు మూడు సంగతులు చూడుడు. మొదటిది, మీ యింటనున్న కార్డు లేవి? పెండ్లి ఫోటోలు తీసిన పాత కెమెరాలో కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డుండవచ్చును. దానికి వేరు చోటు గల రీడరు కావలెను. స్మార్ట్‌మీడియా, ఎక్స్.డి. కార్డులకు తగినవి క్రమముగ అరుదగుచున్నవి. అట్టి కార్డులున్నవారు ఆలస్యము చేయరాదు. రెండవది, తరము. 2006లో వచ్చిన ఎస్.డి.హెచ్.సి., 2009లో వచ్చిన ఎస్.డి.ఎక్స్.సి. కార్డులు ఆకారమున పాతవానివలెనే యుండును గాని పాత రీడరు వానిని గుర్తింపకపోవచ్చును. క్రొత్త రీడరు మాత్రము పాత ఎస్.డి. కార్డును చదువును. మూడవది, వేగము. యు.ఎస్.బి. 3.0 గల రీడరు 2.0 దానికన్న వేగవంతము. కొన్ని కార్డులకు వెనుకప్రక్క రెండు వరుసల రేకులుండును. ఆ రెండవ వరుస ఫలము దక్కవలెనన్న రీడరునకును అది యుండవలెను. వ్రాతలకు, పాత ఫోటోలకు అంత వేగముతో పని లేదు. అధిక ధనము వ్యయింపనక్కరలేదు. సంతలో కల్తీ కార్డులును కలవు. పైన వ్రాసినంత చోటు లోపల నుండదు. కొనగానే నిండుగ నింపి, మరల చదివి సరిచూచినగాని నమ్మరాదు.

అన్నిటికన్న ముఖ్యముగ, కార్డును భోషాణమనుకొనకుడు. దానిలో వ్రాత విద్యుదంశము రూపమున నిలుచును. ఏండ్ల తరబడి వాడక పడియున్నయెడల ఆ యంశము మెల్లగ జారిపోవచ్చును. కార్డు బండివంటిది, గాదెవంటిది కాదు. ఒకచోటినుండి మరియొకచోటికి చేర్చుటకు పనికివచ్చును.

నేను చేసిన యేర్పా టిది. ఆ వ్రాతకు ఒక ప్రతి కంప్యూటరులో, ఒకటి విడిగ నుంచిన హార్డు డిస్కులో, ఒకటి దూరపు పట్టణమున నున్న మా మనుమనివద్ద నున్నవి. మంచి కాగితముపై అచ్చొత్తించి, ఊరు విడిచిపోయిన కుటుంబముల కొక్కొక్క ప్రతి పంపితిని. ప్రతి ఉగాదికి కంప్యూటరులోని ప్రతిని తెరచి చూడవలెనని, అయిదేండ్ల కొకమారు క్రొత్త సాధనముపైకి నకలు తీయవలెనని మనుమనిచేత మాట తీసికొంటిని. తూర్పు పొలముల పేర్లకై ఆ కుటుంబముల పెద్దలను మరల అడుగుచున్నాను. కొన్ని దొరకినవి. కొన్ని యెరిగినవారు లేరు.

అయ్యలారా, అమ్మలారా! మీ యిండ్లలో ఫ్లాపీలుండవచ్చును, కార్డులుండవచ్చును, తాటాకులుండవచ్చును, గొలుసుకట్టు దస్త్రములుండవచ్చును. వస్తువు చెడకున్నంత మాత్రమున వ్రాత బ్రతికియున్నదని నమ్మకుడు. దానిని చదువు సాధనము, చదువు మనిషి ఉన్నంతవరకే అది వ్రాత. తరువాత వట్టి బిళ్ల, వట్టి ఆకు. సాధనము దొరకుచున్న యీ దినములలోనే పెట్టె తెరువుడు, నకలు తీయుడు, ఒక పిన్నవానికి అప్పగింపుడు. మన తాతలు తాటాకునకు చేసిన సేవ యిదియే.